రెండో చెయ్యి

మా పిన్ని పోయిందన్న కబురు నాకు కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉండగా తెలిసింది. పిల్లలకి ప్రాక్టికల్ పరీక్ష జరుగుతోంది. ఒక మిషన్ ఆగిపోతే దాని వెనకాల గొంతుక్కూర్చుని వైరు సర్దుతున్నాను. బాబాయి ఫోన్ చేశారు. ఆయన ఎప్పుడు చేసినా ముందు "అన్నం తిన్నావా అమ్మా" అని అడిగి ఆ తర్వాత సంగతి చెబుతారు. ఆ రోజు అడగలేదు.

"మీ పిన్ని లేదమ్మా. పొద్దున్న లేచి గుక్కెడు కాఫీ తాగి మళ్ళీ పడుకుంది. టిఫినుకి లేపితే లేవలేదు."

"వస్తున్నాను బాబాయ్" అన్నాను. చేతిలో ఉన్న వైరుని దాని చోట గుచ్చి, మిషన్ వెలిగిందని చూసుకుని, పక్కన ఉన్న సార్‌కి చెప్పి బయటపడ్డాను. అమలాపురంలో రాజోలు బస్సెక్కాను. పాశర్లపూడి వంతెన దాటుతుంటే గానీ ఏడుపు రాలేదు.

ఆవిడ మీకెవరికీ తెలిసిన మనిషి కాదు. మా అమ్మకి చెల్లెలు. రాజోలు దగ్గర ఒక పల్లెలో కాపురం. బాబాయిది కొబ్బరికాయల కొట్టులో పని. కూతురికి మూడేళ్ళు నిండీ నిండకుండానే పిన్ని కువైట్ వెళ్ళింది, ఒకరింట్లో వంటకి. మా వైపు వీధికొకరైనా అలా వెళ్ళినవాళ్ళుంటారు కాబట్టి అందులో విశేషం ఏమీ లేదు. విశేషమల్లా ఆవిడ తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన సామానులో ఉంది.

పిన్ని కూతుర్ని నేను చెల్లి అనే పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. పిన్ని అక్కడున్నన్నాళ్ళూ చెల్లి మా ఇంట్లోనే, అమలాపురంలో, మా అమ్మ దగ్గర పెరిగింది. అందుకని పిన్ని విమానం దిగి ముందు మా ఇంటికే వచ్చింది. అందరం చుట్టూ చేరాం. అట్టపెట్టె తాళ్ళు కోసి ఒక్కొక్కటే తీస్తోంది. ఖర్జూరాలు, సబ్బులు, తలనొప్పి తైలం, బాబాయికి చొక్కా గుడ్డ. అన్నీ అయ్యాక అడుగున దళసరి దుప్పటి. అది విప్పితే లోపల నల్లటి పెట్టె ఒకటి, దానికి రెండు రిమోట్లు.

"ఇదేంటే, డీవీడీయా?" అంది మా అమ్మ.

"కాదక్కా. ఆటలాడుకునేది. టీవీకి తగిలిస్తే ఆట వస్తాది."

"ఎవరి పిల్లలకే?"

"నాకే."

మేమంతా నవ్వాం. బాబాయి అందరికంటే ఎక్కువ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది గానీ, పెట్టెని మాత్రం పసిపిల్లని దించినట్టు రెండు చేతులతో నేల మీద పెట్టింది. పని చేసిన ఇంట్లో పిల్లలు కొత్తది కొనుక్కున్నాక పాతది ఆవిడకి ఇచ్చేశారట. ఆ రిమోట్లని ఆవిడ ఎప్పుడూ రిమోట్లు అనలేదు, చేతులు అనేది. అక్కడి అరబ్బీలో వాటిని అలాగే అంటారట. "ఆ చెయ్యి ఇలా తే", "ఈ చెయ్యికి చార్జింగు అయిపోయింది" అని ఆవిడ అంటుంటే కొత్తవాళ్ళు బెదిరిపోయేవారు.

రెండు చేతుల్లో ఒకటి తీసి చెల్లి వైపు చాచింది. చెల్లి అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి ఉంది.

"ఇది నీదమ్మా. ఇద్దరం ఆడదాం."

"నాకు రాదు."

"నేను నేర్పుతాగా."

"నాకొద్దు" అని చెల్లి లేచి వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది. పిన్ని చెయ్యి చాచే ఉంది. అది అలా గాల్లో ఉండిపోవడం చూడలేక నేను అందుకున్నాను. నిజానికి నాకూ ఆడాలని మహా సరదాగా ఉంది.

అలా మొదలైంది. నేనప్పుడు డిగ్రీ కంప్యూటర్స్ చదువుతున్నాను. చదువుతున్నానన్న మాటే గానీ ల్యాబులో మిషన్ ముందు కూర్చుంటే అరచేతులు చెమటలు పట్టేవి. ఏది నొక్కితే ఏమవుతుందోనని భయం. మా లెక్చరరు ముట్టుకోవద్దన్నవే ఎక్కువ. పిన్ని పక్కన ఆడేటప్పుడు కూడా మొదట్లో అలాగే బిగుసుకుపోయేదాన్ని. కారు గోడకి గుద్దుకుంటే చెయ్యి పక్కన పెట్టేసేదాన్ని.

"నొక్కి చూడవే. ఏమన్నా కాలిపోద్దా?" అనేది పిన్ని.

ఇది ఆవిడ మాట. కొత్త వస్తువు ఏది కనబడినా ముందు ఈ మాట వచ్చేది. నేను ఉద్యోగంలో చేరాక ల్యాబులో కొత్త సిస్టంలు దింపిన రోజు, పిల్లలు దూరంగా నిలబడి చూస్తుంటే నా నోటి నుంచి కూడా అదే మాట వచ్చింది. మా ప్రిన్సిపాల్‌కి అది నచ్చలేదు. పిల్లలకి మాత్రం ఆ పూటే మిషన్లంటే భయం పోయింది.

పిన్నికి ఆట ఎలా అబ్బిందో ఆవిడే చెప్పింది. కువైట్లో ఆ ఇంట్లో ఇద్దరు మగపిల్లలు, ఆఖరున ఒక ఆడపిల్ల. ఆ ఆడపిల్లది ఇంచుమించు మా చెల్లి ఈడే, ఓ రెండేళ్ళు పెద్ద. అన్నలు ఆ పిల్లని ఆటలో కలుపుకునేవారు కాదు. ఒంటరిగా ఆడితే మజా ఉండదు. ఒక రోజు పిన్ని నేల తుడుస్తుంటే ఆ పిల్ల రెండో చెయ్యి తెచ్చి ఒళ్ళో పెట్టిందట. అప్పటికి పిన్నికి భాష రాదు. ఆటలోనే నేర్చుకుంది. కుడి, ఎడమ, ఆగు, దూకు, చచ్చావు. ఆ ఇంటావిడ ఏమనేదో అర్థం కావడానికి ఏడాది పట్టింది గానీ ఆ పిల్ల మాట వారం తిరక్కుండానే అర్థమైందనేది. వంటయ్యాక, మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ, ఇద్దరూ గొంతు తగ్గించుకుని ఆడేవారట. బంతాట, కార్ల పందెం, గోడల మీంచి దూకే ఆట.

ఊళ్ళో కాపురం మళ్ళీ మొదలయ్యాక ఆ పెట్టెని ముందు గదిలో టీవీ కింద పెట్టింది. బట్టలారేసుకుని, కూర పొయ్యి మీద పెట్టి, గ్యాసు తగ్గించి వచ్చి ఒక పందెం వేసేది. వీధిలో ఆడవాళ్ళు మొదట గుమ్మంలో నిలబడి నవ్వారు. ఆ తర్వాత లోపలికొచ్చి కూర్చున్నారు. ఎదురింటి మామ్మగారు ఒకావిడ, కారు మలుపు తిరిగినప్పుడల్లా తనూ అటు ఒరిగేది. "బండి ఇలా తోల్తే పడిపోమా అండీ?" అని కంగారుపడేది. "పడితే లేస్తామండి. అక్కడ మనకేం తగలదండి" అని పిన్ని.

నాకు ఇప్పటి ఆటలంటే అంత ఇష్టం లేదు. ఆడదామని కూర్చుంటే ముందు అప్డేటు అంటుంది, ఆ తర్వాత పాస్‌వర్డు అంటుంది, చివరికి మన మూడ్ పోతుంది. పిన్ని దగ్గరున్నది పాత పెట్టె. సీడీ బిళ్ళ వేస్తే బొమ్మ వచ్చేది, అంతే. బొమ్మలు ఇప్పటంత నున్నగా ఉండేవి కావు. మనుషుల మొహాలు పలకల పలకలుగా ఉండేవి. అయినా పక్కన ఒక మనిషి భుజానికి భుజం తగిలేలా కూర్చుని ఆడడం అందులోనే ఉంది. ఇప్పుడు ప్రపంచంలో ఎవరితోనైనా ఆడొచ్చు, పక్కన మాత్రం ఎవరూ ఉండరు. ఈ మాట పిన్నితో అంటే ఒప్పుకునేది కాదు. ఆవిడకి పాతదని ప్రేమ ఎక్కువా లేదు, కొత్తదని భయమూ లేదు. వేలిముద్రతో తెరుచుకునే ఫోన్ వచ్చినప్పుడు, గిన్నెలు తోమి తోమి వేళ్ళ గీతలు అరిగిపోయి ఆవిడ వేలిని అది ఒప్పుకోలేదు. ఇంకొకరైతే బాధపడతారు. ఈవిడ పదివేళ్ళూ పెట్టి చూసి, చిటికెనవేలు పనిచేస్తోందని కనిపెట్టి, చచ్చేదాకా ఫోన్ చిటికెనవేలితోనే తెరిచింది. మాట చెబితే పనిచేసే ఫోన్ వస్తే, దాన్ని కూడా మర్యాదగానే అడిగేది. "ఏవండీ, రేపు వాన పడుద్దేమో కాస్త చూసి చెప్తారా?" అది అర్థం కాలేదనేది. "పాపం కొత్తగా వచ్చుంటాది, మన యాస అలవాటవ్వాలి" అని మళ్ళీ అడిగేది. చిరాకు పడడం నేను చూడలేదు.

ఇవన్నీ చెప్పుకుంటుంటే నవ్వొస్తుంది. కానీ ఆ ఇంట్లో నేను ఎన్ని ఆదివారాలు ఆడినా, నేను కూర్చున్న చోటు నాది కాదని నాకు తెలుస్తూనే ఉండేది. చెల్లి అదే ఇంట్లో, పక్క గదిలోనే ఉండేది. తలుపు దగ్గరకి వేసుకుని చదువుకునేది, తర్వాత తర్వాత మిషన్ కుట్టు నేర్చుకుంది. నేను గెలిచి అరిచినప్పుడల్లా పిన్ని కళ్ళు ఒక్కసారి ఆ తలుపు వైపు వెళ్ళొచ్చేవి. చెల్లి అమ్మతో పోట్లాడేది కాదు. అడిగినదానికి జవాబు చెప్పేది, వండినది తినేది, జ్వరం వస్తే కాళ్ళు పట్టేది. ఆ పెట్టె జోలికి మాత్రం రాలేదు. దుమ్ము దులిపేటప్పుడు టీవీ తుడిచి, దాని కింద పెట్టెని అలాగే వదిలేసేది.

ఎందుకో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి చెల్లికి పెళ్ళై, కొత్తపేటలో సొంతంగా బట్టలు కుట్టే షాపు పెట్టుకుంది. ఇద్దరు పిల్లలు. మా బంధువుల పొలంలో డ్రోనుతో మందు కొడుతున్నారంటే పిన్ని చూస్తానని పట్టుబట్టింది. అందరం వెళ్ళాం. అది నడిపే అతని చేతిలో రిమోట్, రెండు పుల్లలతో, అచ్చం మా ఆట చెయ్యిలాగే ఉంది. మందు అయిపోయి ట్యాంకు ఖాళీ అయ్యాక పిన్ని అతని దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఏమీ అనుకోకపోతే ఒక్కసారి నేను పట్టుకోవచ్చా అండి?"

అతను కాసేపు నసిగి, తన వేళ్ళు కూడా పక్కనే ఉంచి ఇచ్చాడు. పిన్ని డ్రోన్ని నెమ్మదిగా లేపి, తాటిచెట్టు ఎత్తున ఆపి, ఒక చుట్టు తిప్పి, గట్టు మీద దించింది. దించేటప్పుడు కొద్దిగా ఒరిగింది గానీ పడలేదు.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాడతను.

"కువైట్లోనండి. వంటకెళ్ళి నేర్చుకున్నానండి."

గట్టు మీద అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. చూస్తే చెల్లి పక్కన లేదు. కాలవ వైపు నడిచి వెళ్ళిపోతోంది. వెనకాల వెళ్ళాను.

"నేను చిన్నప్పుడు శుక్రవారం శుక్రవారం అమ్మ ఫోన్ చేసేది, నీకు గుర్తుందా అక్కా?" అంది. గుర్తుంది. మా అమ్మ ఫోన్ చెల్లికిచ్చి బయటికి వచ్చేసేది, తల్లీ కూతుళ్ళు మాట్లాడుకోవాలని. "మాట్లాడతా ఉంటే వెనకాల ఆట చప్పుడు వినబడేది. ఆ పిల్ల నవ్వేది. అమ్మ నన్ను 'బువ్వ తిన్నావా' అని అడుగుతానే అటు తిరిగి ఏదో అనేది ఆ భాషలో, అని నవ్వేది. ఇంట్లో నా ముందు అలా ఎప్పుడూ నవ్వలేదక్కా. ఇప్పుడు దానికి అందరూ మెచ్చుకుంటన్నారు. మెచ్చుకోండి. నాకు మాత్రం ఆ నవ్వే వినబడతాది."

పిన్ని అక్కడికి వెళ్ళింది చెల్లి కోసమేనని చెప్పొచ్చు. అది దానికి తెలుసు. తెలిసినంత మాత్రాన పోయే నొప్పి కాదది.

ఆ సాయంత్రం పిన్ని నన్ను పక్కకి పిలిచి "ఏమందే?" అని అడిగింది. చెప్పాను. పెరట్లో మట్టలు పోగేస్తూ, నా మొహం చూడకుండా అంది:

"అందరూ ఏమనుకుంటారంటే, ఆ పిల్లని చూస్తే నాకు నా పిల్ల గుర్తొచ్చి దగ్గరికి తీసేనని. మీ అమ్మా అలాగే అనుకుంటాది. నేనూ సర్లే అని ఊరుకున్నాను. కాదే. వంట చేసేటప్పుడు గుర్తొచ్చేది, పడుకుంటే గుర్తొచ్చేది, ఆ పిల్లకి జడ వేస్తే గుర్తొచ్చేది. ఆ ఆట ఆడేటప్పుడు మాత్రం గుర్తొచ్చేది కాదు. ఎవరూ గుర్తొచ్చేవారు కాదు. ఆ కాసేపూ కుడీ ఎడమా తప్ప ఏమీ ఉండేది కాదు. అందుకని ఆడేదాన్ని. అది లేకపోతే మధ్యలోనే వచ్చేసేదాన్నో, పిచ్చెక్కేదో. ఇప్పుడు దాన్ని కూర్చోబెట్టి, నిన్ను మర్చిపోడానికి ఆడేనమ్మా అని ఎలా చెప్పను?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పు పిన్నీ. అర్థం చేసుకుంటుంది."

"చెప్తాను. టైం చూసి చెప్తాను" అంది.

ఆ టైం ఏళ్ళకేళ్ళు రాలేదు. ఫోన్‌లో ఎన్ని కొత్త బటన్లు నొక్కిన మనిషైనా దీని దగ్గరకొచ్చేసరికి చెయ్యి రాలేదు. కువైట్ పిల్ల పెద్దదై, పెళ్ళి చేసుకుని, అప్పుడప్పుడు వాయిస్ మెసేజీలు పంపేది. చెల్లి ఇంట్లో ఉంటే పిన్ని ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళి వినేది. అలా వెళ్ళడం చెల్లికి తెలియదనుకునేది.

తర్వాత పిన్నికి కిడ్నీలు పాడయ్యాయి. అమలాపురంలో డయాలసిస్ పెట్టారు. మా కాలేజీకి దగ్గర కావడంతో నేను వెళ్ళి కూర్చునేదాన్ని. ఎడమచేతికి సూదులు గుచ్చి మిషన్‌కి కలుపుతారు. ఆ పూటంతా ఆ చెయ్యి కదపకూడదు. మొదటి రోజు పిన్ని ఆ మిషన్ని పైనుంచి కిందదాకా పరీక్షగా చూసి, "సిస్టరుగారూ, ఈ ఎర్ర లైటు దేనికండి? ఈ అంకె పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా?" అని మొదలుపెట్టింది. సిస్టరు ఓపిగ్గా చెప్పింది. అంతా విన్నాక నా వైపు తిరిగి, "దీన్ని మాత్రం నొక్కి చూడనులే" అంది.

రెండో వారానికి విసుగొచ్చింది. ఫోన్‌లో కార్ల ఆట ఉంది. దానికి రెండు చేతులు కావాలి. ఎడమ బొటనవేలితో బండి తిప్పాలి, కుడి బొటనవేలితో వేగం నొక్కాలి. ఈవిడకి ఉన్నది ఒక చెయ్యి. నేను మంచం పక్కన స్టూలు వేసుకుని ఫోన్ ఎడమ సగం పట్టుకున్నాను. ఆవిడ కుడి సగం. బండి ఒకటే, మనుషులం ఇద్దరం. నేను తిప్పాలనుకున్నప్పుడు ఆవిడ వేగం పెంచేది, ఆవిడ ఆపాలనుకున్నప్పుడు నేను మలుపు తిప్పేదాన్ని. ప్రతి మలుపులోనూ బోల్తా. పక్క మంచాల వాళ్ళు కూడా మెడలెత్తి చూసేవారు.

చెల్లి కూడా కొత్తపేట నుంచి వచ్చేది, వారానికొకసారైనా. అన్నం క్యారియరు ఇచ్చి, డాక్టరుతో మాట్లాడి, వరండా బెంచీ మీద కూర్చుని జాకెట్లకి హుక్కులు కుట్టుకునేది. లోపల మేం నవ్వుతుంటే తల ఎత్తేది కాదు.

ఒక రోజు ల్యాబులో పని తెమలక నేను ఆలస్యంగా వెళ్ళాను. వరండా బెంచీ మీద జాకెట్లు ఉన్నాయి, చెల్లి లేదు. వార్డు గుమ్మంలోకి వెళ్ళి ఆగిపోయాను. నా స్టూలు మీద చెల్లి కూర్చుని ఉంది. ఫోన్ ఎడమ సగం దాని చేతిలో ఉంది.

"అటు కాదే, ఎడమకి, ఎడమకి!"

"తిప్పుతున్నానే! నువ్వు ఆపవేంటి?"

"ఆపితే వాళ్ళు దాటిపోరా?"

"దాటితే దాటనీ. ముందు రోడ్డు మీద ఉండాలిగా!"

బండి ఎక్కడో గుద్దుకున్నట్టుంది. ఇద్దరూ ఒకేసారి "అయ్యో" అన్నారు. నేను లోపలికి వెళ్ళలేదు. బెంచీ మీదకి వచ్చి జాకెట్ల పక్కన కూర్చున్నాను. ఆ రోజంత తేలికగా నా మనసు మళ్ళీ ఎప్పుడూ లేదు.

ఇంటికెళ్ళే బస్సు కోసం నిలబడ్డప్పుడు చెల్లి తనే చెప్పింది. "అమ్మ చెప్పిందక్కా. ఆట ఆడేటప్పుడు నేను గుర్తొచ్చేదాన్ని కాదట."

"కోపం రాలేదా?" అన్నాను.

"వస్తాదనుకున్నాను. రాలేదు." చేతిలో జాకెట్ల సంచి సర్దుకుంది. "నేను మిషన్ మీద కూర్చుంటే నా పిల్లలిద్దరూ నాకు గుర్తుండరక్కా. ఏడ్చినా వినబడదు. సూదీ గుడ్డా తప్ప ఏమీ ఉండదు. ఆ టైం లేకపోతే నేను బతకలేను. అమ్మ చెప్తా ఉంటే, ఇదేంటి, ఇది నా సంగతే కదా అనిపించింది."

బస్సు వచ్చింది. ఎక్కకుండా అంది: "ముందే చెప్పాల్సింది కదక్కా."

"చిన్నప్పుడు చెబితే నీకేం అర్థమయ్యేది?"

"అయ్యేది కాదు. అయినా చెప్పాల్సింది. కోపంగా ఉన్నా, తెలిసి కోపంగా ఉండేదాన్ని."

ఆ తర్వాత తల్లీ కూతుళ్ళు అలా ఆడింది చాలా కొద్దిసార్లు. డయాలసిస్ ఒక్కోసారి పిన్నికి పడేది కాదు. వాంతులు, చలి. ఫోన్ అలా దిండు పక్కనే ఉండిపోయేది. కాస్త నెమ్మదించిన రోజున చెల్లి అంది: "ఈ చిన్న బొమ్మలో నాకు కనపడి చావట్లేదమ్మా. ఆదివారం ఇంటికొస్తాను. టీవీలో ఆడదాం. నీ పెట్టె తియ్యి." పిన్ని మొహం చూడాల్సింది. ఇంటికెళ్ళగానే జబ్బు చేశాక అటకెక్కించిన పెట్టెని బాబాయి చేత దింపించి, తుడిపించి, చేతులు రెండూ చార్జింగు పెట్టించిందట. ఒక చెయ్యి చార్జింగు ఎక్కడం లేదని నాకు ఫోన్ చేసింది. "కొత్తది దొరుకుద్దేమో ఊళ్ళో చూడవే, దానికి మంచిదే ఇద్దాం" అంది. చూస్తానన్నాను. రాజమండ్రిలో ఒక షాపులో ఉందన్నారు.

ఆదివారం రాకుండానే బాబాయి ఫోన్ వచ్చింది.

నేను వెళ్ళేసరికి పిన్నిని ముందు గదిలో పడుకోబెట్టారు. టీవీ ముందు పెట్టె సిద్ధంగానే ఉంది. జనం మెసలడానికి అడ్డమొస్తోందని ఎవరో దాన్ని కాలితో పక్కకి జరపబోతే, చెల్లి వచ్చి ఎత్తి లోపలికి తీసుకెళ్ళింది. అంతవరకూ ఏడవని పిల్ల ఆ గదిలోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. వినబడుతూనే ఉంది. ఎవరూ వెళ్ళి తలుపు కొట్టలేదు.

నాకు ఇప్పుడు అనిపించేదొకటే. ఇద్దరూ తమ మాటలు విడివిడిగా అన్నీ నాతో చెప్పుకున్నారు. రోజూ ఒకే ఇంట్లో తిరిగి కూడా, ఒకరితో ఒకరు చెప్పుకోవడానికి వాళ్ళకి ఒక ఆసుపత్రి మంచం, ఒక కదలకూడని చెయ్యి కావాల్సొచ్చాయి. కొత్త వస్తువులకి భయపడొద్దని నాకు నేర్పిన మనిషి, పాత మాట ఒకటి బయటపెట్టడానికి అంత భయపడిందంటే, ఆ మాట ఆవిడకి ఎంత బరువుగా ఉండి ఉంటుందో. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. నా ఉద్యోగంలో సగం ఆవిడ పెట్టిన భిక్షే. ఆ కృతజ్ఞత ఆవిడ బతికుండగా నేనూ చెప్పలేదు. ఆదివారాలు వెళ్ళి ఆడి, టీ తాగి, వచ్చేశాను.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బాబాయి, చెల్లి, నేను అరుగు మీద కూర్చున్నాం. పిన్ని ఫోన్ చెల్లి దగ్గరుంది. కువైట్ పిల్లకి కబురు తనే పెట్టానని చెప్పింది. ఏ భాషలో పెట్టాలో తెలియక, దండ వేసిన ఫొటో పంపిందట. దానికి జవాబుగా ఒక వాయిస్ మెసేజీ వచ్చి ఉంది. ఇంతసేపూ వినకుండా దాచింది.

"పెట్టమ్మా" అన్నారు బాబాయి.

చెల్లి పెట్టింది. ఒక ఆడమనిషి గొంతు. అరబ్బీ. ముగ్గురిలో ఎవరికీ ఒక్క ముక్క రాదు. అర్థం చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో లేదు. నేను నా ఫోన్ తీశాను, ఇలాంటివి తెలుగులోకి మార్చే యాప్ ఉందని. "తర్వాత చూద్దాం అక్కా" అని చెల్లి నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

బాబాయి ఫోన్‌ని రెండు చేతుల్లోకి తీసుకుని చెవికి దగ్గరగా పెట్టుకున్నారు. ఆ అమ్మాయి మధ్యలో ఆగుతోంది, ముక్కు చీదుకుంటోంది, మళ్ళీ చెబుతోంది. చాలా పెద్ద మెసేజీ. తలపాగా తుండు భుజం మీదకి జారిపోయినా సర్దుకోకుండా, ఎదురుగా పెద్దమనిషి కూర్చుని మాట్లాడుతుంటే విన్నట్టు, ఆమె ఆగిన చోటల్లా ఆయన తల ఊపుతూ అంటున్నారు:

"ఆయ్… ఆయ్… అవునమ్మా… ఆయ్…"